టేకు నేల మీద బిందెడు నీళ్లు

మా హాల్లోనే ఉన్నాను, కానీ ఈ హాలు ఇంత పొడవు ఎప్పుడైందో తెలియడం లేదు. ఒక చివర మా వంటగది కనిపిస్తోంది, రెండో చివర ఏదో రైల్వే స్టేషను వెయిటింగ్ రూములా మసకమసకగా ఉంది, మధ్యలో నల్లటి టేకు నేల సాగిపోతూనే ఉంది. పోయి అయిదు నెలలైన మా ఆయన లుంగీ పైకి కట్టుకుని, దివాన్ కాట్‌ని ఒక్కరే ఈడుస్తున్నారు. గోడ పక్కన పెడతారు, రెండడుగులు వెనక్కి వేసి చూస్తారు, నచ్చక మళ్లీ ఈడుస్తారు. నాకు ఒళ్లు మండుతోంది. చచ్చిపోయాకైనా మనిషికి కాస్త నిలకడ రావాలి కదా.

"మాణిక్యం, కర్టెన్లు ఏ రంగు అనుకున్నాం?"

"ఏమీ అనుకోలేదండీ. మీరు లేత పసుపన్నారు, నేను ఆకుపచ్చన్నాను, మీరు అలిగి ఆ పూట అన్నం మానేశారు."

"నేల నల్లగా ఉన్నప్పుడు గోడలూ గుడ్డలూ లేతగా ఉండాలే. ఆకుపచ్చ కడితే చీకటి గుయ్యారంలా ఉంటుంది."

"ఆ మాటేదో నేల వేసే ముందు ఆలోచించాల్సింది."

ఊళ్లో అందరూ పాలరాయి వేయించుకుంటుంటే ఈయన పోర్టు వైపు పడగొట్టిన పాత బంగళా టేకు పలకలు లారీకెత్తించుకొచ్చారు. రిటైరయ్యాక ఏడాదిపాటు ఒక్కో పలకా చిత్రిక పట్టి, నూనె పట్టించి, బిగించి, చివరి పలక వేసిన వారానికే వెళ్లిపోయారు. గోడలకు రంగు కూడా పడలేదు. ఈవేళ నాలుగింటికి టైల్స్ మేస్త్రి వచ్చి ఈ నేలంతా పెకిలించేస్తాడు, ఆ సంగతి ఈయనకు చెప్పాలని కలలో కూడా నాకు గుర్తుంది, చెప్పబోయినప్పుడల్లా ఈయన నా చేతిలో ఒక దిండో దీపపు సెమ్మో పెట్టి "పట్టుకో" అంటారు, కిటికీకి వేలాడుతున్న కర్టెను నేను చూస్తుండగానే పసుపై, మళ్లీ ఆకుపచ్చై, తెల్లబడుతుంది.

ఉన్నట్టుండి ఆయన కాలు తడబడుతుంది. "ఇక్కడ పలకలు పైకి లేచాయేం?"

"మిమ్మల్ని తీసుకెళ్లాక ఇల్లు కడిగామండీ. శవం గడప దాటగానే కడగాలి కదా."

"అక్కయ్య కడిగిందా?"

అందరికీ నేను చెప్పింది అదే. మా వదిన సీతారత్నం ఆచారం కొద్దీ నీళ్లు పోసేసిందని మా అమ్మాయితో కూడా చెప్పాను. ఇక్కడా అవుననేస్తే సరిపోతుంది. కానీ నోరు వేరేలా తిరుగుతుంది.

"కాదు. తమ్ముడు ప్రాణం పెట్టి వేసుకున్న నేల, తడిగుడ్డతో తుడిచేద్దామే అంది వదిన. నేనే వినలేదు. మొదటి బిందె నేనే పోశాను. ఏడాదంతా నాతో మాట్లాడిన దానికంటే ఈ చెక్కతో మాట్లాడిందే ఎక్కువ మీరు. తీరా అయ్యాక నన్నొదిలేసి పోయారు. నాశనమైపోనీ అనే పోశాను."

చెప్పేశాక భయమేస్తుంది. ఆయన దివాన్ వదిలేసి నేల మీద చతికిలబడి, ఉబ్బిన పలకల మీద అరచెయ్యి రాస్తూ గోడ దాకా వెళ్తారు.

"గోడ వారన వేలు పట్టేంత సందు వదలాలే. తడి తాగితే చెక్క సాగుతుంది, జరగడానికి చోటుండాలి. సందులో బొద్దింకలు దూరతాయని నువ్వు గోల చేశావని గోడకి ఆనించి బిగించేశాను. చోటు లేకే పైకి లేచింది."

"ఇదీ నా నెత్తికే చుట్టారా?"

"తెలిసీ బిగించాను నేను. తెలిసీ పోశావు నువ్వు. ఇంకేముంది?"

"మరి ఇప్పుడు నన్నేం చేయమంటారు? ఉంచనా, తీయించనా?"

"ముందు దివాన్ ఆ చివర పట్టుకో" అంటూ ఆయన లేస్తారు, వెయిటింగ్ రూము వైపు ఈడ్చుకుపోతూనే ఉంటారు, నేను రెండో చివర అందుకోవాలని పరుగెడుతుంటాను, ఎక్కడో గంట మోగుతుంది, ఆగండి, ఆగండి అంటున్నాను.

మోగుతున్నది కాలింగ్ బెల్లు. గోడ గడియారంలో నాలుగు కావస్తోంది. మధ్యాహ్నం నడుం వాల్చిన దివాన్ మీదే ఉన్నాను, మెడంతా చెమట. తలుపు తీయకుండా ముందు వెళ్లి గోడ వారన కూర్చున్నాను. చీర పిన్నీసు తీసి, పలకకూ గోడకూ మధ్య గుచ్చి చూశాను. మొన కూడా దిగలేదు.

మేస్త్రి అప్పన్న పలుగుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మొత్తం పీకేయడమేనామ్మా?"

"వద్దు. గోడ వారన చుట్టూ వేలు పట్టేంత మేర కోసి తీసెయ్, చాలు. మిగతాది ఉంటుంది."

అతను లోపలికి వచ్చి, వంగి చూసి, తల గోక్కున్నాడు. "సందు వదిలేస్తే బొద్దింకలు దూరతాయమ్మా."

"దూరనీ" అన్నాను.