కడుపులో నాయనమ్మ

పొద్దున లాగిన్ కాకముందే రజిత రెండుసార్లు టిఫిన్ చేస్తుంది. మొదటిది తనకి, రెండోది నాయనమ్మకి. భాగ్యమ్మ కరువులో మట్టి పనికి పోయి, అర్ధాకలితోనే కన్నుమూసిన మనిషి. ఆ ఆకలి ఊరికే పోతుందా, వచ్చి మనవరాలి కడుపులో కూర్చుంది. కొండాపూర్‌లో ఫ్లాట్ కొంటే అక్కడికీ వచ్చింది. ఆఫీసు క్యాంటీన్‌లో కూడా రజిత ప్లేటులో అడక్కుండానే ఇంకొకరి అన్నం వడ్డిస్తారు.

డాక్టర్ వాసంతి కేసు షీటులో షుగరు, బీపీల కిందే నాయనమ్మనీ రాసుకుంది.

"బరువు పెరిగి లివర్ పాడవుతోంది. ఇలాగే ఉంటే మీ పాప పెళ్లి మీరు చూడలేరండి. బెలూన్ అయితే గొంతులోంచి కడుపులోకి దించి, నీళ్లు నింపి ఉంచుతాం. ఆరు నెలలకి తీసేస్తాం. ఆవిడ కాస్త ఇరుకులో సర్దుకుంటారు, తర్వాత మామూలే. సర్జరీలో కడుపు చాలావరకు కోసేస్తాం. ఆకలి ఎక్కువగా పుట్టేది అక్కడే."

"మరి ఆమె యాడికి పోతది?"

"అది మీ ఇంటివాళ్లు చూసుకోవాలండి."

కారులో భర్త ఓంకార్ నసిగాడు. "బెలూన్ పెట్టించుకోరాదు? ముసలామెను వెళ్లగొడతవా?"

"ఆరు నెలలైనంక మళ్ల గిదే కత. నేను బతకాలె."

నాయనమ్మంటే ఆమెకు ప్రాణమే. చావంటే భయం అంతకన్నా ఎక్కువ.

పెద్దల్ని సాగనంపాలంటే ఇష్టమైనవి వండి పెట్టాలి, కాకి ముట్టాలి. ఆపరేషన్ రోజు పొద్దున రజిత తను ఉపవాసముండి జొన్నరొట్టె, బోటి కూర చేసింది. బాల్కనీలో ఆకులో పెట్టి, "ఇగ పో నాయనమ్మా" అని దండం పెట్టింది. కూతురు పింకీని, ఇంటి తాళంచెవినీ పక్కింటి సీతాబాయికి అప్పజెప్పి ఇద్దరూ బయల్దేరారు. పావురాలు రాకుండా బాల్కనీకి వల బిగించి ఉందని మొగుడికీ తట్టలేదు, పెళ్లానికీ తట్టలేదు. కాకి వచ్చింది. వల మీద కాసేపు అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు రజిత కడుపులో ఏ పిలుపూ లేదు. ఆ నిశ్శబ్దానికి హాయిగా ఉంది, ఏడుపూ వచ్చింది.

సాయంత్రం ఓంకార్ పింకీని ఆసుపత్రికి తీసుకొచ్చాడు. సగం ఇడ్లీకి ఇల్లంతా తిప్పించే పిల్ల, మంచం పక్కన ఓంకార్ తెచ్చుకున్న బ్రెడ్ ప్యాకెట్ ఖాళీ చేసింది.

"బాల్కనీల రొట్టె నేనే తిన్న మమ్మీ. సీతాబాయి ఆంటీ వాళ్లింట్ల కూడ తిన్న. ఇంకా ఆకలైతుంది."

రజిత పింకీ కడుపు మీద చెయ్యి పెట్టి, "నాయనమ్మా?" అంది. రౌండ్స్‌కొచ్చిన వాసంతి అంతా విని, పింకీ చెయ్యి పట్టుకుని బరువు చూసే మిషన్ మీద నిలబెట్టింది.