పావు మిల్లీమీటరు వదులు

పెడళ్ళ పెట్టెల మీద అంకెలు అచ్చేసే దొరల్లారా, ఆవిడ భుజం ఎముక విరిచింది మీరే! పెడలు మర లావుకి అంగుళాన్ని పదహారు ముక్కలు చేసి అందులో తొమ్మిది తీసుకునే కొలత ఒకటి. పద్నాలుగు మిల్లీమీటర్ల కొలత ఇంకొకటి. తేడా పావు మిల్లీమీటరు పైచిలుకు. ఆ మాత్రానికేలే అని రెండు రకాల పెట్టెల మీదా ‘14’ అని కొట్టి చేతులు దులుపుకున్నారు.

మీతో పాటు ఇంకొకడున్నాడు. సైకిళ్ళు బాగుచేసేవాడు, ఆవిడకి సొంత మరిది. మీరు చూడకుండా తప్పు చేశారు. వాడు తెలిసి చేశాడు.

పందొమ్మిదేళ్ళుగా స్పానరు పట్టిన చెయ్యి వాడిది. వదిన సైకిలుకి కొత్త పెడళ్ళ జతలో ఎడమది బిగిస్తుంటే రెండో చుట్టుకే ఆ చేతికి తెలిసిపోయింది. పెడలు తగిలించే ఇనప కాడ, అదే క్రాంకు, దాని కన్నంలో మర ఊగే పన్నులా కదులుతోంది. విప్పి వెనక్కి పంపాలి. పంపితే నాలుగు రోజులు ఆగాలి. వదినేమో ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివే మనిషి, సైకిలు లేకపోతే పూట గడవదు. కుళాయి మరలకు చుట్టే తెల్ల టేపు తీశాడు. మూడు చుట్లు చుట్టి బిగించాడు. “రాయిలా ఉంది, వెళ్ళిరా వదినా” అన్నాడు. పెట్టెలో ఇంకో ఐదు జతలున్నాయి. ఆ వారంలోనే ఐదుగురికి వేశాడు. అన్నింటికీ టేపే.

పదకొండో రోజు వంతెన ఎక్కుతూ ఆవిడ పెడళ్ళ మీద లేచి నిలబడింది. మరలు నలిగి ఎడమ పెడలు ఊడొచ్చింది.

సైకిలు కొట్టుకి చేరింది. కన్నంలో తెల్ల పీలిక కనపడగానే వాడు అటూ ఇటూ చూసి, గోటితో లాగి జేబులో కుక్కుకున్నాడు. దొంగ! రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

పొద్దున్నే అన్న ఇంటికి వెళ్ళేసరికి వదిన మంచం మీద కూర్చుని ఉంది, ఎడమచెయ్యి మెడకి కట్టుకుని. వెనక అన్న ఆవిడకి జడ వేస్తున్నాడు.

“రా మరిదీ, మీ అన్న నిర్వాకం చూడు. జడ వెయ్యమంటే మోకు పేనుతున్నాడు.”

“పెడలు ఊడదూ మరి? ఎక్కిందెవరు?” అన్నాడు అన్న.

ఆవిడ నవ్వబోయి నొప్పికి ఆగింది. “నిజమేలే. లేచి నిలబడకుండా ఉండాల్సింది. మరిది బిగించిన సైకిలు, దానికేం వంక? తప్పు నాదే.”

చెంప ఛెళ్ళుమన్నట్టయింది వాడికి. ఇక ఆపుకోలేకపోయాడు.

“వదినా, అది ఆ క్రాంకుకి సరిపోయే పెడలు కాదు. వదులుగా ఉంటే టేపు చుట్టాను.” జేబులోని పీలిక తీసి దుప్పటి మీద పెట్టాడు. “రెండు కొలతల పెట్టెల మీదా పద్నాలుగనే ఉంది...”

అన్న చేతిలో జడ ఆగిపోయింది.

“పెట్టె సంగతి నేనడిగానా?” అంది వదిన. “నీ చేతికి తెలిసిందా లేదా?”

“తెలిసింది.”

“మీటరులో చివరి అంకె నా ఇష్టమొచ్చినట్టు రాస్తే నన్ను మర్నాడే ఇంటికి పంపుతారు. నువ్వు ఆ దొంగ అంకె మనుషుల కాళ్ళ కింద రాశావు కదరా!”

వాడు నేల మీద కూలబడి ముఖం కప్పుకున్నాడు.

“ఏడుపు తర్వాత. ఇలాంటివి ఇంకెన్ని?”

“ఐదు. టైలరు, రొట్టెల కొట్టాయన, రంగులేసే అన్నదమ్ములిద్దరూ...” చివరి వేలు మడిచాడు. “కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని బడికి దింపే నర్సమ్మ.”

ఆవిడ గడియారం వంక చూసింది. బడి గంటకి ఇంకా ముప్పావు గంటే.

“మరి నా మంచం దగ్గరేం పని నీకు? లే! ముందు నర్సమ్మ ఇంటికి పో. ఆ పిల్లని సైకిలెక్కనివ్వకు. మిగతా నలుగురివీ ఇవాళే విప్పు. టేపు చుట్టానని ఒక్కొక్కరికీ నీ నోటితోనే చెప్పు. తిడితే పడు. ఏ పెట్టెలో ఏ కొలతో దాని మీద పూర్తిగా అచ్చెయ్యమని ఆ పెడళ్ళ కంపెనీవాళ్ళకి నేను రాస్తాను, నా కుడిచెయ్యి బాగానే ఉంది. ఇంకా చూస్తావేం? పరిగెత్తు!”