ఎడమకాలి ప్యాడ్ కొట్టిన గోల్

నేను ఒక షిన్ ప్యాడ్‌ని. ప్యాడ్ అనగానే పిల్లలు పరీక్షలు రాసే అట్ట అనుకునేరు. దాని మీద రాస్తారు, నా మీద తంతారు. ఫుట్‌బాల్ ఆటగాడి సాక్స్ లోపల, మోకాలికీ చీలమండకీ మధ్య నిలబడి, ఎముకకు రావలసిన తన్నులన్నీ నేను తినాలి. మనిషి తన కష్టాన్ని ఇంకొకడి మీదికి నెట్టడానికి కనిపెట్టిన వస్తువుల్లో నేనూ ఒకణ్ణి.

నాది ఎడమ కాలు. కుడికాలికి నా జతగాడు ఉన్నాడు. జలంధర్‌లో ఒక రేకుల షెడ్డులో ఇద్దరం ఒకే అచ్చులోంచి వరసగా ఊడిపడ్డాం. వీపుకు స్పాంజి అతికించి, రెండేసి పటకాలు కుట్టి, సంచిలో వేసి మూతి కట్టి సికింద్రాబాద్ రైలెక్కించారు.

మా మొదటి యజమాని మెట్టుగూడ ఎలెవెన్ క్లబ్బులో ఒక ఫార్వర్డు. మమ్మల్ని తొడిగితే తన పిక్కల అందం పోతుందని ఆయన బాధ. ఆటకు ముందు రిఫరీ కాళ్లు తడిమి చూసేటప్పుడు మమ్మల్ని పెట్టుకునేవాడు, ఆ తరువాత ఏదో ఒక వంకతో గీత అవతలికి పోయి తీసి పారేసేవాడు. ట్రాఫిక్ పోలీసును చూసి హెల్మెట్ పెట్టుకునే జాతి మనిషి. ఒకరోజు విసుగెత్తి మమ్మల్ని క్లబ్బు ట్రంకు పెట్టెలో పడేశాడు. అక్కడినుంచి మమ్మల్ని ఏరుకున్నవాడే కొమురెల్లి.

కొమురెల్లి అప్పటికి ఇరవై మూడేళ్లవాడు. స్టాపర్ బ్యాక్, అంటే గోల్ కాసే గోలీకి ముందు నిలబడే చివరి గోడ. క్లబ్బు కాంట్రాక్టు కొత్తగా చేతికొచ్చింది గానీ కాళ్లకు ప్యాడ్లు లేవు. పాత వార్తాపత్రికలు మడిచి సాక్సుల్లో కుక్కుకునేవాడు. పేపర్లో అతని పేరు ఏనాడూ పడలేదు గానీ, పేపరు మాత్రం రోజూ అతని కాళ్లు పట్టుకునేది.

వెనక ఆడేవాడే తప్ప వెనకాడేవాడు కాదు కొమురెల్లి. కోచ్ లూర్దయ్య సార్ మొదటిరోజే చెవి మెలిపెట్టి ఒక పాఠం చెప్పాడు.

"బంతి దిక్కు సూడకు బిడ్డా. వాని నడుం దిక్కు సూడు. కాళ్లు అబద్ధమాడుతయి, కండ్లు అబద్ధమాడుతయి. నడుం ఎటు తిరిగితె మనిషి అటే."

నడుములు చూసి చూసి కొమురెల్లి మొహాలు మరిచిపోయాడు. బజార్లో పాత ప్రత్యర్థి ఎదురొచ్చి పలకరిస్తే పోల్చుకునేవాడు కాదు. వాడు వెనక్కి తిరిగి రెండడుగులు వేశాక, "అరె, నువ్వా," అనేవాడు.

ఇంత పనిమంతుడికి వచ్చిన పేరేమిటంటే, ఏమీ లేదు. గోల్ కొట్టినవాడికి గోల, గోల్ ఆపినవాడికి గోళ్లు కొరుక్కోవడం. బంతి గోల్లోకి పోతే "కొమురెల్లి ఏం పీకుతున్నడు" అంటారు. పోకపోతే కొమురెల్లి అనేవాడు ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు.

మా నగరంలో క్లబ్బులకు ఒక ఆచారం ఉంది. ప్రతి క్లబ్బు హాల్లోనూ గోడకు పెద్ద టేకు బోర్డు ఉంటుంది. మినార్ షీల్డు గెలిచిన ఏడు, ఫైనల్లో గోల్ కొట్టినవాడి పేరు దాని మీద బంగారు రంగుతో రాస్తారు. మెట్టుగూడ రెండుసార్లు గెలిచింది. రెండు ఫైనళ్లలోనూ కొమురెల్లి ఆడాడు. బోర్డు మీదికి ఎక్కింది ఫార్వర్డులు. అందులో ఒకడు మా పాత యజమాని. ఆ రోజు బంతి వాడి వీపుకు తగిలి లోపలికి పోయింది. అడ్డమైనవాడి పేరూ ఎక్కింది గానీ అడ్డుపడ్డవాడి పేరు ఎక్కలేదు.

రెండో షీల్డు గెలిచిన ఏడు క్లబ్బువాళ్లు కుటుంబాలతో సహా అందరికీ భోజనాలు పెట్టారు. ఏడాది పొడుగునా బంతిని తన్నినవాళ్లు ఆ ఒక్కరోజు బుద్ధిగా బంతిలో కూర్చున్నారు. కొమురెల్లి భార్య బాలమణి విస్తరి ముందు కూర్చుని తినకుండా తల ఎత్తి బోర్డునే చూస్తోంది.

"నీ పేరేదయ్యా?" అంది.

"ఇంక రాయలే."

"పైకెల్లి కిందిదాంక సదివిన. ఎక్కడ లేదు. నువ్వు నిజంగ ఆడుతున్నవా, బట్టలు మోసేటందుకు పోతున్నవా?"

పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. కొమురెల్లి అన్నం వదిలేసి లూర్దయ్య సార్ దగ్గరికి పోయాడు.

"సార్, ఆపినోళ్ల పేర్లు గూడ రాయొచ్చు గద."

"ఆపినయన్ని రాస్తె గోడ సాలదు బిడ్డా. ఒక్క గోల్ కొట్టు, నీ పేరు మంచిగ రాయిస్త."

"నన్ను మన గోల్ ముందట నిలబెట్టింది మీరే. కొట్టాల్సిన గోల్ ఆ కొసకున్నది."

"అందుకే అంటున్న, నీ పని నువ్వు చేస్కో."

ఇంటికి పోతూ బాలమణికి మాటిచ్చాడు: ఒక్కసారైనా ఆ పలక మీద నీకు నా పేరు చూపిస్తాను. ఆ మాట అతని మెడకు పడింది. నేను కాలికి ఉన్నా దాని బరువు నాకు తెలిసేది.

ఏళ్లు గడిచాయి. కాలం ముందుకు పోయేకొద్దీ కాలు వెనక్కి పోయింది. ముప్పై నాలుగో ఏట, మోకాలు వాచిన ఒక పొద్దున, వచ్చే సీజనుకు కాంట్రాక్టు లేదని క్లబ్బు చెప్పేసింది. ఆ ఏడే మెట్టుగూడ మళ్లీ ఫైనల్ చేరింది. ఎదుటివాళ్లు బొల్లారం బ్లూస్. కొమురెల్లికి అదే చివరి ఆట. బోర్డుకు ఎక్కడానికి అదే చివరి నిచ్చెన.

డెబ్భై ఏడు నిమిషాలు మేము బ్రహ్మాండంగా ఆడాం. నా మీద బూటు మేకుల గీతలు కొత్తవి నాలుగు పడ్డాయి. స్కోరు సున్నా సున్నా. అప్పుడు మాకు కార్నర్, అంటే వాళ్ల గోల్ పక్క మూలనుంచి బంతి తన్నే అవకాశం, వచ్చింది. పదకొండేళ్లలో ఒక్క కార్నర్‌కూ ముందుకు పోని మనిషి ఆ రోజు ముందూ వెనకా చూడకుండా ముందుకు నడిచాడు.

"కొమురెల్లీ, యాడికిరా?" లూర్దయ్య సార్ గీత అవతలినుంచి అరిచాడు. "ఎనక ఎవడున్నడురా?"

ఎవడూ లేడు. వెనక ఉండేవాడు ఇతనొక్కడే.

బంతి గాల్లో తేలుతూ వచ్చింది. కొమురెల్లి ఎగిరాడు. జుట్టుకు వేలెడు పైనుంచి బంతి దాటిపోయింది. బొల్లారం గోలీ దాన్ని ఒడిసిపట్టుకుని ఒక్క తన్ను తన్నాడు. అది ఖాళీగా ఉన్న మా వైపు పడింది. కొమురెల్లి వాచిన మోకాలితో మైదానం పొడుగునా పరిగెత్తాడు. బొల్లారం ఫార్వర్డు పక్కనుంచి బంతిని గోల్ ముందుకు కొట్టాడు. ఇతను పచ్చిక మీద జారుతూ ఎడమకాలు చాపాడు.

బంతి నాకు తగిలింది. నేను కాలి ఎముకకు తగ్గట్టు వంపుగా ఉంటాను. ఆ వంపు వెంబడి బంతి తిరిగి, మా గోలీ దూకిన దిక్కు వదిలేసి, రెండో మూలలోంచి వలలోకి పోయింది.

సెల్ఫ్ గోల్ అంటారు దాన్ని. కొమురెల్లికి సొంత ఇల్లు లేదు, సొంత బండి లేదు. సొంతమని చెప్పుకోవడానికి మిగిలింది ఆ గోలొక్కటే. నిజానికి అదీ నాది.

షీల్డు బొల్లారం పట్టుకుపోయింది. ఎవరూ తిట్టలేదు, అదే పెద్ద శిక్ష. లూర్దయ్య సార్ మాత్రం, "ఇన్నేండ్లు లేంది ఇయ్యాల ఎందుకు పోయినవ్ బిడ్డా?" అని అడిగాడు. కొమురెల్లి వంగి నా పటకాలు విప్పాడు.

నెల తరువాత బొల్లారం క్లబ్బు సెక్రటరీ జహంగీర్ సాబ్ మిఠాయి పెట్టెతో ఇంటికి వచ్చాడు. ఎల్లుండి తమ బోర్డు మీద కొమురెల్లి పేరు రాయిస్తున్నామని, రమ్మని పిలుపు.

"పుండు మీద కారం సల్లనీకి వచ్చిండ్రా సాబ్?"

"కారం కాదు తమ్మీ, బంగారు రంగు. ఫైనల్ల గోల్ ఎవరు కొడితె వాళ్ల పేరు రాయాలె. ఏ టీమోడని మా రూల్ల లేదు. రిఫరీ కాయితంల నీ పేరే ఉన్నది. మా ఫార్వర్డు నాది రాయి అని ఏడుస్తున్నడు. నేను రాయ. రూల్ అంటె రూల్." వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అన్నాడు. "బంతి తగిలిన ఆ ప్యాడ్ గూడ ఇయ్యి. షీల్డు పక్కన పెడత."

ఆయన గడప దాటగానే కొమురెల్లి మిఠాయి పెట్టెను మూలకు నెట్టాడు. "నేను రాను. మందిల నవ్వులపాలైత."

"నేను పోత," అంది బాలమణి. "నువ్వు నాకు మాటిచ్చినవు. పలక ఎవరిదని నేను అడగలే."

ఇద్దరూ పోయారు. సంచిలో నేను కూడా. బొల్లారం బోర్డు మీద రంగు ఇంకా తడిగా ఉంది. బాలమణి వేలు గాల్లో ఆడిస్తూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. కొ, ము, రె, ల్లి. చదివి మొగుడి వైపు తిరిగింది.

"ఒక్కటి ఆపకపోతె ఇంత పెద్దగ రాసిండ్రు. మరి ఆపినయన్ని యాడ రాసిండ్రు?"

కొమురెల్లి సంచిలోంచి నన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇగో, దీని మీద," అన్నాడు.

నా ఒళ్లంతా గీతలు. ఒక్కో గీత మీద ఆమె వేలు పెట్టి, ఇదేంది అని అడిగింది. ఈ పొడుగుది వరంగల్‌లో, వానలో. ఈ లోతుది ఆఖరి నిమిషంలో, గోలీ కిందపడ్డాక. ఈ అడ్డగీత వేసినవాడు ఆ తరువాత వచ్చి చెయ్యి కలిపాడు. నా జన్మలో నన్ను చదివిన మనిషి బాలమణి ఒక్కతే. పరీక్ష ప్యాడ్‌ను వెక్కిరించినందుకు ఆ రోజు సిగ్గుపడ్డాను. నా మీదా రాశారు.

చదవడం అయ్యాక కొమురెల్లి నన్ను జహంగీర్ సాబ్‌కు ఇచ్చేశాడు.

మరుసటి ఏడు దంపతులు నన్ను చూడటానికి మళ్లీ వచ్చారు. నేను అద్దాల బీరువాలో, షీల్డు పక్కన, ఎర్ర మఖమలు గుడ్డ మీద ఉన్నాను. కొమురెల్లి అద్దానికి ముక్కు ఆనించి చూశాడు.

"సాబ్, దీని మీద గీతలేవి?"

"పుట్టీ పెట్టించి, బోర్డుకు తెచ్చిన రంగు మిగిలితె రెండు పూతలు ఏయించిన," అన్నాడు జహంగీర్ సాబ్, ఛాతీ పొంగించి. "ఇప్పుడు కొత్తదాని లెక్క లేదూ?"

ఆయన తప్పేమీ లేదు. గౌరవించాలనే చేశాడు. జహంగీర్ సాబ్ చాయ్ చెప్పడానికి అటు తిరగగానే బాలమణి మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"కుడికాలిది ఇంటికాడున్నది గద. గాలికి తలుపు కొట్టుకోకుండ కింద పెట్టిన. దాన్ని మాత్రం ఎవరికియ్యకు."

అదీ నా జతగాడి సంగతి. ఒంటి మీద గీతలన్నీ అలాగే ఉంచుకుని, గాలి ఎంత తన్నినా తలుపును ఆపుతున్నాడు. ఇప్పటికీ స్టాపరే.

నేను ఇక్కడ బంగారంలా మెరుస్తున్నాను. నా దాకా ఏ బంతీ రాదు.