మిగ్గిన్ కొండెక్కిన రోజు

మిగ్గిన్‌ను కొండ మీదికి తీసుకుపోయారన్న మాట చెవినబడేసరికి బిరిక్త మోచేతుల దాకా చేపల తొట్టిలో ఉంది. కార్తేజ్ రేవు పక్కన, చేపల్ని ఉప్పులో మగ్గబెట్టి పులుసు తీసే కొట్టం అది. ఎవరు చెప్పారని కూడా అడగలేదు. చేతులు కడుక్కుని, ఇంటికి పోయి ఒక దుప్పటీ, కాసిని ఎండు అంజూరాలూ మూటగట్టుకుని పరుగందుకుంది. చెరసాలలో కప్పుకోవడానికి ఏమీ ఇవ్వరని ఆమెకు తెలుసు.

చక్రవర్తి ఆజ్ఞ ఈమధ్యనే వచ్చింది. ఊళ్ళో ప్రతి ఒక్కరూ కొండ మీది గుడి ముందు నిప్పుల్లో సాంబ్రాణి వేసి, బలి మాంసం ముక్క నోట పెట్టుకోవాలి. కాదన్నవాళ్ళకు చెరసాల. ఆపైన ఏమిటన్నది అధికారి ఇష్టం. క్రీస్తును నమ్మినవాళ్ళు వీధిలోకి రావడం మానేశారు. వాళ్ళకు ధైర్యం చెబుతూ ఇల్లిల్లూ తిరిగినవాడు మిగ్గినే. ప్రమిదలు చేసే కుమ్మరి అతను, ఇద్దరు పిల్లల తండ్రి. తల్లి పోయాక బిరిక్తను పెంచిందీ, చెయ్యి పట్టుకుని బాప్తిస్మపు నీళ్ళలోకి దించిందీ ఆ అన్నే. "కాళ్ళు విరగ్గొట్టినా పాక్కుంటూ ప్రభువు దగ్గరికే పోతాను గానీ ఆ కొండెక్కను" అని మొన్న ప్రార్థనలో అందరి ముందూ అన్నాడు. విన్నవాళ్ళు ఏడ్చారు.

ఏ చెయ్యి విరిచారో, కళ్ళు ఉంచారో లేదో అనుకుంటూనే మెట్లన్నీ ఎక్కింది.

పైన జాతరలా ఉంది. సంకెళ్ళు లేవు, కొరడాలు లేవు. సైనికులు నీడన కూర్చుని సెనగలు నములుతున్నారు. జనమే ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. సగం మొహాలు బిరిక్తకు తెలిసినవే, ఆదివారాలు పక్కన కూర్చుని కీర్తనలు పాడినవాళ్ళవే.

"రేపు రండయ్యా! పొద్దు వాలిపోతోంది, నిప్పులు ఆరిపోతున్నాయి," అని గుమాస్తా అరుస్తున్నాడు.

"బాబ్బాబు, రేపటిదాకా ఆగలేనండీ. పొద్దుటి నుంచీ వరుసలో ఉన్నా. ఇవాళే కానిచ్చెయ్యండి."

ఆ గొంతు మిగ్గిన్‌ది. బిరిక్త జనాన్ని తోసుకుంటూ అటు పోయింది.

"ఏం తొందరయ్యా నీకు! మీ దేవుడేమన్నా వెనకనుంచి తరుముకొస్తున్నాడా?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. మిగ్గిన్ కూడా నవ్వాడు. ముందున్న ముసలాయన్ని మోచేత్తో పక్కకు నెట్టి, సాంబ్రాణి నిప్పుల్లో పోసి, మాంసం ముక్క నోట్లో వేసుకున్నాడు. మూతి తుడుచుకుంటూ వెనక్కి తిరిగి చెల్లెల్ని చూశాడు.

సిగ్గుపడతాడనుకుంది. అతని మొహం వెలిగింది.

"వచ్చావా! మంచి పని చేశావు. అయ్యగారూ, ఇది మా చెల్లెలండీ. దీనిది కూడా కానిచ్చెయ్యండి, మళ్ళీ రేపు తిరక్కుండా."

ఆమె చెయ్యి గుంజి అరచేతిలో సాంబ్రాణి పోశాడు. అతని వేళ్ళు కొవ్వుతో జిడ్డుజిడ్డుగా ఉన్నాయి.

"అన్నా... నువ్వేం చేశావో నీకు తెలుస్తోందా?"

"నోర్మూసుకుని వెయ్యవే. చిటికెడు పొగ, అంతేగా! లోపల నువ్వేమనుకుంటే ఎవడికి కావాలి?"

ఆ క్షణాన ఆమెకు ప్రభువు గుర్తుకు రాలేదు, ధైర్యమూ రాలేదు. బుర్ర ఖాళీ అయిపోయింది. చెయ్యి దానంతటదే తిరగబడింది. సాంబ్రాణి రాళ్ళ మీద చెదిరింది.

"చెయ్యి వణికిందామ్మా? ఇంకో చిటికెడు తీసుకో," అన్నాడు గుమాస్తా, మంచిగానే.

"వణకలేదు. నేను వెయ్యను."

ఆ మాటన్నది తనేనా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. సైనికులు లేచి వచ్చేసరికి మిగ్గిన్ జనంలో కలిసిపోయాడు.

చెరసాలలో గాలి లేదు, నీళ్ళు అంతంతమాత్రం. ఆమె పక్కన పడుకున్న ఇద్దరు ఆడవాళ్ళు దాహంతోనే పోయారు. బిరిక్త బతికింది. చక్రవర్తి ఎక్కడో యుద్ధంలో చచ్చాడని కబురొచ్చాక తలుపులు తీశారు. బయటికొచ్చిన ఆమె చేతుల్ని సంఘంలో ఆడవాళ్ళు కళ్ళకద్దుకున్నారు. కొండెక్కి పడిపోయినవాళ్ళను మళ్ళీ చేర్చుకోమని చెరసాల చూసొచ్చినవాళ్ళు ఒక్క మాట చెబితే పెద్దలు వింటారని అప్పట్లో నమ్మకం. అందుకే మొదటి ఆదివారమే, ప్రార్థన జరిగే ఇంటి యజమానురాలు నంఫామ ఆమెను పక్కకు పిలిచింది.

"మీ అన్న గడప బయట నిలబడ్డాడమ్మా. నీ మాట కోసం చూస్తున్నాడు. ఏం చెప్పమంటావు?"

"పొమ్మనండి."

ఆ మాట నోటికి ఎంత తియ్యగా తగిలిందంటే బిరిక్త నిర్ఘాంతపోయింది. చెరసాలలో ఆకలితో ఉన్నన్నాళ్ళూ తను ఎదురుచూసింది ఈ మాట అనడానికేనా? ప్రభువు కోసం కాదా? నంఫామను అక్కడే వదిలేసి బయటికి నడిచింది.

మిగ్గిన్ గోడకు ఆనుకుని ఉన్నాడు. చిక్కిపోయాడు, చేసిన తప్పుకు పశ్చాత్తాపంగా తల గొరిగించుకున్నాడు. ఆమెను చూసి తల దించుకున్నాడు.

"పిల్లల కోసం చేశావా?" అనడిగింది. అవునంటే బాగుండునని ఆమెకుంది.

"కాదే. వాళ్ళు గుర్తు కూడా రాలేదు. భయమేసింది. అంతే."

"మరి నన్నెందుకు లాగావు?"

"నువ్వు కూడా చేస్తే... నాది పెద్ద తప్పులా కనబడదని."

అంత నీచమైన నిజాన్ని ఏ ముసుగూ లేకుండా చెప్పిన మనిషిని ఆమె అంతవరకూ చూడలేదు. కొట్టాలనిపించింది. కాసేపటికి అతని పక్కనే గోడకు చేరగిలబడింది.

నంఫామ వెనకాలే వచ్చింది. "నువ్వు లోపలికి రామ్మా. నీకు ముందు వరుసలో చోటు పెట్టాం."

"ఆయన్ని పంపెయ్యకండి. లోపలికీ పిలవకండి. ఎన్నాళ్ళు నిలబెట్టాలో పెద్దలు తేల్చనివ్వండి. నేనూ ఇక్కడే ఉంటా."

"నువ్వేం తప్పు చేశావని?"

"లోపల కూర్చుంటే చేస్తానేమోనని భయంగా ఉంది."

పెద్దలు తేల్చడానికి ఏడాది పైనే పట్టింది. మిగ్గిన్‌ను చివరికి లోపలికి రానిచ్చారు. అన్నాళ్ళూ ప్రతి ఆదివారం అన్నాచెల్లెళ్ళు గడప బయట నిలబడే ప్రార్థన విన్నారు. కొందరు ఆమెకు దణ్ణం పెట్టారు. చెరసాలకు పోయొచ్చినవాళ్ళ పేరు పాడుచేస్తోందని కొందరు మొహం తిప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే ఒకసారి, మండుటెండలో, మిగ్గిన్ గుసగుసగా అడిగాడు.

"నన్ను క్షమించావా, బిరిక్తా?"

"ఇంకా లేదు. కాస్త అటు జరుగు, ఎండంతా నా మీదే పడుతోంది."

అతను జరిగాడు.