నమూనా నడక

“జాగ్రత్త, అమ్మ కాలు!” అని పక్కగదిలోంచి కేకేశారు మా ఆయన. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కాఫీ. నేనప్పుడు అత్తయ్యని మంచం మీంచి కుర్చీలోకి మారుస్తున్నాను. ఆవిడ చేతులు నా మెడ చుట్టూ, నా చేతులు ఆవిడ నడుం చుట్టూ, ఆవిడ మోకాళ్ళు జారకుండా నా మోకాళ్ళు అడ్డం. ఒకటి, రెండు, మూడు అనుకుని లేపి, తిప్పి, కూర్చోబెట్టాలి. రోజుకి ఏడెనిమిదిసార్లు. నాలుగేళ్ళ క్రితం ఆవిడ స్నానాలగదిలో పడి తుంటి విరిగిన దగ్గర్నుంచీ ఇదే పని. తిప్పేటప్పుడు ఆవిడ బరువూ నా బరువూ కలిసి నా ఎడమకాలి మీద పడతాయి. గజ్జల్లో ఎవరో మేకు దిగ్గొట్టినట్టుంటుంది. అయినా నేను అరవను. అరిస్తే ఆవిడ భయపడి బిగుసుకుపోతుంది, బిగుసుకుపోతే ఇంకా బరువవుతుంది. “ఏం కాలేదండీ” అని జవాబిచ్చాను. ఆయన అన్నది నా కాలి గురించి కాదనుకోండి.

నేను ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్ట్‌ని. నడక పరీక్ష చేసే గది నాది. వచ్చినవాళ్ళకి తుంటి దగ్గర, మోకాలి దగ్గర, మడమ దగ్గర చిన్న చిన్న మెరిసే గోలీలు అంటించి, కెమెరాల మధ్య అటూ ఇటూ నడిపిస్తాం. తెర మీద మనిషి కనపడదు. చుక్కలూ, వాటిని కలిపే గీతలూ నడుస్తుంటాయి. మొహం ఉండదు, వయసు ఉండదు. ఇరవై ఏళ్ళుగా నేను అందరికీ చెప్పేది ఒకటే. నడవడమంటే ఒంటికాలి మీద నిలబడ్డమే, ఓసారి ఈ కాలు, ఓసారి ఆ కాలు. అలా నిలబడ్డ ప్రతిసారీ మన ఒంటి బరువుకి మూడింతలు ఆ తుంటి కీలు మీద పడుతుంది. పక్కనున్న కండరం లాగిపట్టుకుంటే నడుం సమంగా ఉంటుంది, అది అలిసిపోతే రెండోవైపు నడుం జారిపోతుంది. అందుకే చేతికర్ర నొప్పి లేనివైపు చేత్తో పట్టుకోవాలి. ఎంతమందికి చెప్పానో! అందరూ నొప్పి ఉన్నవైపే పట్టుకొస్తారు, నేను కోప్పడి చెయ్యి మార్పిస్తాను. ఇంత తెలిసినదాన్ని, “ఇంట్లోనే డాక్టరుండగా బయట ఆయా ఎందుకు?” అని ఆయనంటే మురిసిపోయాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజంగానే మురిసిపోయాను. అది పొగడ్త కాదు, జీతం లేని ఉద్యోగం అని తెలియడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఆ గది తెరిచిన కొత్తల్లో, పదకొండేళ్ళ క్రితం, ఏ లోపమూ లేని నడక ఒకటి నమూనాకి కావాల్సి వచ్చింది. నన్నే నడిపించి దాచుకున్నారు. అప్పట్నుంచీ ఎవరి కుంటినడకనైనా నా నడక పక్కన పెట్టే కొలుస్తాం. కెమెరాలు బాగుచేసినప్పుడల్లా నేను మళ్ళీ నడవాలి. కొత్త నడక పాతదాని మీద సరిగ్గా కూర్చుంటే కెమెరాలు బాగున్నట్టు. అది మా గదిలో ఆనవాయితీ. పోయిన నెల, అయిదేళ్ళ తరవాత మళ్ళీ కెమెరాలు బాగుచేయించాం. నడిచాను. పాతదాని మీద కూర్చోలేదు.

“మేడమ్, మీరు ఎడమకాలి మీద ఉన్నప్పుడల్లా కుడివైపు నడుం కిందికి పోతోంది. వీళ్ళు కెమెరా వంకరగా బిగించారు” అంది మా జూనియర్ అమ్మాయి. మళ్ళీ నడిచాను. ఇంకోసారి నడిచాను. పాపం కెమెరాలు బిగించిన ఇంజనీరు పొద్దున్నించీ నిచ్చెన ఎక్కి దిగి, ఎక్కి దిగి, అన్నం కూడా తినకుండా మా జూనియర్ చేత చీవాట్లు తిన్నాడు. నాకు మొదటిసారికే తెలుసు. నాలుగింటికి అతను సామాను సర్దుకుంటూ “రేపు మా పెద్దాయన్ని తీసుకొస్తానండీ” అన్నాడు. “అక్కర్లేదు బాబూ. కెమెరాలు బాగానే ఉన్నాయి. బాగాలేనిది నేనే” అన్నాను. మా జూనియర్ తెల్లమొహం వేసింది. మనుషుల నడక చూడ్డమే తన ఉద్యోగం, ఏడాదిగా నా పక్కనే నడుస్తోంది.

ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూశారు. “మూడేళ్ళ క్రితం వచ్చుంటే వ్యాయామంతో నెట్టుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు కీలు మార్చాల్సిందే. నలభై నాలుగేళ్ళకా! నువ్వే ఇలా చేస్తే ఎలాగమ్మా?” అన్నారు. ఇంకా ఆలస్యమైతే కండరం పూర్తిగా చచ్చుబడిపోతుందట, అప్పుడు కీలు మార్చినా కుంటినడక పోదు. శుక్రవారంలోగా సరేనంటే వచ్చేవారమే చేస్తానన్నారు. ఆ తరవాత మనుషుల్ని ఎత్తడం మాత్రం బంద్.

ఇంటికొచ్చి చెప్పాను. ఆయన నన్ను చూసి, అత్తయ్య గది వైపు చూశారు. “మరి అమ్మని ఎవరు లేపుతారు?” నొప్పి ఎప్పట్నుంచి అని అడగలేదు. “నా నడుం సంగతి నీకు తెలుసుగా” అన్నారు. తెలియకేం, పదిహేడేళ్ళుగా ఆ నడుముకి మందు రాసేది నేనే. “ఇంకో ఏడాది ఓర్చుకో. నడుస్తూనే ఉన్నావుగా!” అని తేల్చేశారు. నేను తలూపాను. ఎందుకూపానంటే ఏం చెప్పను, అలవాటు. బుధవారం లేపాను, గురువారం లేపాను.

శుక్రవారం మధ్యాహ్నం అత్తయ్య మందుల కోసం ఆయన ఆసుపత్రికొచ్చి, కాసేపు నా గదిలో కూర్చున్నారు. మా జూనియర్ నా కొత్త నడకని తెర మీద పెట్టుకుని చూస్తోంది. చుక్కల మనిషి ఎడమవైపుకి ఒరుగుతూ, ఊగుతూ పోతోంది. ఆయన ముందుకి వంగారు. మొహం వెలిగిపోయింది.

“అరే, ఇది అమ్మ కదూ! ఎప్పుడు తీశావు? నా చిన్నప్పుడు బడి దగ్గరికి ఇలాగే వచ్చేది. వీధి చివర్నుంచే పోల్చుకునేవాణ్ణి.”

ఎంత ప్రేమగా అన్నారో! కళ్ళు కూడా చెమ్మగిల్లాయి. తనకంత ఇష్టమైన ఆ నడక ఒక నొప్పి అని ఆయనకి ఈనాటికీ తెలీదు.

“అది నేనండీ” అన్నాను.

ఆయన తెరని చూశారు, నన్ను చూశారు. మందుల సంచీ సర్దుకోసాగారు. ఆయన అక్కడుండగానే డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆపరేషన్‌కి వస్తున్నానని చెప్పాను. గెలిచినట్టేం అనిపించలేదు, ఏడుపొచ్చింది. ఎందుకంటే ఆ నడకని నేను కూడా చూశాను. పెళ్ళైన మొదటివారం, మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని అత్తయ్య హాల్లోకి వస్తుంటే చూశాను. చూడగానే తెలిసింది, ఎడమ తుంటి, పక్క కండరం. “మా ఇంటి బాతు వస్తోంది, తప్పుకోండి” అని మామగారు జోకేస్తే ఇంటిల్లిపాదీ నవ్వారు. కొత్తకోడల్ని, నేనూ నవ్వాను. ఆ తరవాత పదమూడేళ్ళు, ఆవిడ పడిపోయేదాకా, ఆ తుంటి మాట నేను ఎత్తలేదు.

సాయంత్రం అత్తయ్యని కుర్చీలోంచి మంచం మీదికి మార్చాల్సిన వేళకి నేను ఎత్తలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని అంతా చెప్పాను. కొడుకు తెర చూసి అమ్మే అనుకున్నాడని చెబితే ఆవిడ కాస్త నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

“అంటే అమ్మాయ్, నాదీ అదేనా?”

“అదే అత్తయ్యా.”

“అప్పుడే ఎవరైనా చెప్పుంటే, ఇవాళ నేను నడుస్తూ ఉండేదాన్నా?”

ఆసుపత్రిలో రోజూ చెప్పే నున్నటి మాటలు నాలిక చివరిదాకా వచ్చాయి. మింగేశాను.

“నడుస్తూ ఉండేవారు” అన్నాను. “చెప్పాల్సింది నేనే. వచ్చిన వారంలోనే చూశాను. చెప్పలేదు.”

ఆవిడ మొహం కిటికీ వైపుకి తిప్పుకుంది. తిడితే బాగుణ్ణనుకున్నాను. తిట్టలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ముట్టుకుందామని చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసేసుకున్నాను. చివరికి ఆవిడ అరచేత్తో కళ్ళు తుడుచుకుని, గొంతెత్తి కొడుకుని పిలిచింది. ఈ నాలుగేళ్ళలో ఏ అవసరానికీ ఆవిడ ఆయన్ని పిలవగా నేను వినలేదు. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“అక్కడ నిలబడితే ఎలారా, ఇలా రా” అంది. “నన్నెత్తు. ఎలాగో అమ్మాయి చెబుతుంది. కూర్చునే చెబుతుంది.”