దోసిందా వాటా

నీళ్ళు నింపిన రబ్బరు గొట్టం ఒక కొసను తొట్టి అడుక్కి దించి, రెండో కొసను బొటనవేలితో మూసి పట్టుకొని, దోసిందా నేలమీద చతికిలబడి వేలు తీసింది. తొట్టిలోని రొయ్యలు రాత్రి తిని వదిలేసిన ఆల్చిప్పల మాంసం ముక్కలు మురికినీళ్ళతోపాటు జారి బకెట్టులో పడసాగాయి.

గలీసియా తీరంలోని ఈ సముద్ర పరిశోధనశాలలో ఆమె ఇరవై రెండేళ్ళుగా తొట్లు కడుగుతున్నది. అంతకుముందు సార్డీన్ చేపలను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో చేసింది. అక్కడి కత్తిగాట్లు వేళ్ళమీద తెల్లటి గీతలుగా మిగిలాయి. పొట్టి మనిషి. బూడిదరంగు ఊలు స్వెటరు చేతులు ఎప్పుడూ పైకి మడిచే ఉంటాయి. ఉప్పునీళ్ళలో నాని నాని చేతులు మోచేతులదాకా ఎర్రబడి ఉంటాయి. మోకాళ్ళు పట్టేసి, లేవాలంటే తొట్టి అంచు పట్టుకోవాలి.

తొట్టిలో ఎనిమిది శాంతియగీన్యోలున్నాయి. అరచేతిలో ఇమిడే రాతిరొయ్యలు. తలముందు పొడుగు మీసాలకు బదులు వెడల్పాటి రెండు పలకలు. వీపుమీది శిలువలాంటి గుర్తును చూసి జాలర్లు వాటికి శాంతియాగో పునీతుడి పేరు పెట్టుకున్నారు. పగలు అవి బయటికి రావు. మొదట్లో తొట్టిలో ఇసుక పోసి పెంచితే ఒక్కొక్కటే చచ్చిపోయేవి. దోసిందా తన వంటింటి కప్పునుంచి పగిలిన పెంకులు నాలుగు తెచ్చి గుహలా పేర్చింది. ఆ పూటే అవి పెంకుల కిందికి దూరి, పైకప్పును పట్టుకొని తలకిందులుగా వేలాడాయి. తరవాత చావలేదు. శాస్త్రవేత్త బ్రైస్ తన వ్యాసంలో పెంకుల గురించి రాశాడు. ఎవరు తెచ్చారో రాయలేదు. ఆమె అడగనూ లేదు.

“ఇంకా కడుగుతున్నారా దోసిందా గారూ?” బ్రైస్ గుమ్మంలోంచి అన్నాడు. “మధ్యాహ్నం నీటి మోటార్లు ఆపేస్తున్నాం కదా.”

“అందాకా అవి పీల్చాల్సింది ఈ నీళ్ళేగా బాబూ.”

అతను నవ్వాడు గాని నవ్వు నిలవలేదు. మూడు వసంతాలుగా గుడ్లు పొదిగించారు. గాజురేకుల్లాంటి పిల్లలు పుట్టేవి, నూరు రోజులు నీళ్ళలో తేలేవి, తరవాత చచ్చి అడుక్కి చేరేవి. వాటిని కాలువలో పారబోయమంటే దోసిందా కొండరాళ్ళదాకా నడిచి సముద్రంలో కలిపి వచ్చేది. ఇప్పుడు ఆ పరిశోధన ఆపేశారు. ఆమె ఉద్యోగానికి కూడా ఇవాళే ఆఖరు.

ఆఫీసు చూసే కార్మే పెద్ద గిన్నె చంకనెత్తుకొని వచ్చింది.

“లే, లే! నీ వీడ్కోలు విందుకి వీటినే ఉడకేస్తున్నాం. బిర్యానీ ఆకు కూడా తెచ్చా!”

దోసిందా గొట్టం జారవిడిచింది. “వీటినా?”

“మరి? వాటికి పింఛనిస్తారనుకున్నావా?”

దోసిందా రెండో పెంకు ఎత్తి చూసింది. అక్కడున్నది ఆడది. తోక కింద మొన్నటిదాకా నారింజ రంగులో ఉన్న గుడ్లగుత్తి గోధుమరంగుకు తిరిగింది. ఒక్కో గుడ్డులో రెండు నల్లచుక్కలు, కళ్ళు. పిల్లలు బయటికి రావడానికి ఇంకో రెండు రోజులు, మహా అయితే మూడు.

“విందు నా పేరుమీదైతే నాకూ వాటా ఉంటుందిగా?”

“పెద్దది నీదేనే!”

“నా వాటా నేనే ఏరుకుంటా. పచ్చిదే ఇచ్చెయ్.”

“పచ్చిది తింటావుటే, పిచ్చిదానా?”

“ఇరవై రెండేళ్ళు నీ వంట తిన్నానా లేదా? ఇవాళ నా ఇష్టం.”

బ్రైస్ వంగి గుడ్లు చూశాడు. “పోటు రాకముందే వెళ్ళి రండి,” అన్నాడు మెల్లగా.

మిగతా ఏడింటి సంగతి ఆమె అడగలేదు. అడగొచ్చని కూడా ఆమెకు తోచలేదు.

బకెట్టు పట్టుకొని పాచిరాళ్ళమీద ఒక్కో అడుగూ వేస్తూ దిగింది. మార్చి గాలి కోస్తున్నది. నీళ్ళు వెనక్కి తీసిన చోట పొడుచుకొచ్చిన బండ కింద చీకటి సందొకటి కనబడింది. మోకాళ్ళు తడుస్తున్నా వంగి, రొయ్యను గుప్పిట్లో అక్కడిదాకా తీసుకుపోయింది. అది కాసేపు అరచేతిలోనే ఉండిపోయింది. సన్నటి కాళ్ళు గాట్లమీద గిలిగింతగా కదిలాయి.

“పోవే తల్లీ. ఇక్కడ కడిగేవాళ్ళెవరూ ఉండరు. అదే నీకు మంచిది.”

అది తోకతో టపీమని నీళ్ళను కొట్టి వెనక్కి ఎగిరింది. సందు పైకప్పును కరుచుకుంది. ఇక కనబడలేదు.

విందులో కార్మే ఆమె పళ్ళెంలో ఉడికిన రొయ్య ఒకటి వేసింది. “నీ వాటా ఏమైందే?”

“మింగేశా. గుటుక్కున.”

అందరూ పగలబడి నవ్వారు. దోసిందా దాన్ని ఓపిగ్గా ఒలిచి, మాంసం బ్రైస్ పళ్ళెంలో పెట్టి, తను రొట్టె తుంచుకుంది. వైన్ గ్లాసులు ఎత్తారు, పాటలు మొదలయ్యాయి. నాలుగింటి బస్సుకి ఆమె ఎప్పుడు లేచి వెళ్ళిందో ఎవరూ గమనించలేదు. కుర్చీ మాత్రం బల్ల కిందికి సర్ది ఉంది.

సోమవారం బ్రైస్ తొట్ల గది తాళం తీశాడు. మోటార్ల చప్పుడు లేని ఆ గదిలో ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయాడు. తలుపు మూయబోతే దాని వెనక కొక్కేనికి బూడిదరంగు ఊలు స్వెటరు వేలాడుతున్నది, మోచేతుల దగ్గర నీలం దారంతో రఫూ చేసి, చేతులు రెండూ పైకి మడిచి.