బతూల్ చలివేంద్రం

ఫెజ్ నగరం పాతబస్తీలో, ఖరవీన్ మసీదు వెనక సందులో, తెల్లారేసరికి ఆడవాళ్లంతా బిందెలతో చలివేంద్రం దగ్గర చేరి పైకి చూస్తూ ఉంటారు. పైన కిటికీలో ఉండేది బతూల్. ఆమె కోపంతో అరిస్తే చలివేంద్రం తొట్టిలో నీళ్లు కాగుతాయి. మింగిన కోపానికి కాగవు. ఆ వేడినీళ్లతో పిల్లలకి స్నానాలు పోసి, ఉన్ని ఉతుక్కుని, ఎవరి పనుల్లో వాళ్లు పడతారు.

కోపానికి బతూల్ దగ్గర కరువు లేదు. ఎప్పుడైనా నీళ్లు గోరువెచ్చగా ఆగిపోతే ఎదురింటి హనియా గైడు నాసర్‌ని కేకేస్తుంది. వాడు టూరిస్టుల్ని వరసగా నిలబెట్టి, "ఈ చలివేంద్రాన్ని ఆరువందల ఏళ్ల కిందట సుల్తాను కట్టించాడు" అంటాడు.

"సుల్తానట, సుల్తాను! నీ మొహం! ఉన్ని వడికి పొట్టపోసుకునే విధవరాలు గాజులమ్మి కట్టించిందిరా! దారినపోయేవాడెవడూ దాహంతో పోకూడదని ధర్మానికి రాసిచ్చిందిరా, అబద్ధాలకోరు వెధవా!" అని కిటికీలోంచి విరుచుకుపడుతుంది బతూల్.

నీళ్లు సలసల మరుగుతాయి.

"ఇంకొక్క మాట అనవయ్యా నాసర్, నా దుప్పటి మిగిలిపోయింది" అంటుంది హనియా.

ఒక సోమవారం బతూల్ మరిది హాజీ థామీ వచ్చాడు. అన్న పోయాక ఇల్లంతా తనదే అన్నాడు. బతూల్‌కి రావాల్సిన పావు వాటా మాట ఎవరూ ఎత్తలేదు. చలివేంద్రం ఆ ఇంటి గోడలోనే ఉంది.

"గోడ నాది, గోడకున్న రంగు పలకలూ నావే. మరకేష్ హోటలాయన కొంటున్నాడు. గురువారం మేస్త్రీ వస్తాడు. వదినా, నోరు మూసుకుంటే పైగది నీది. తెరిచావో, నీ సామాను సందులో ఉంటుంది."

అరవై ఏళ్ల మనిషి, పిల్లల్లేరు, ఎక్కడికి పోతుంది? నోరు మూసుకుంది. తొట్టిలో నీళ్లు చల్లబడిపోయాయి.

మర్నాడు హనియా కింది నుంచి పిలిచింది. "ఏం బతూలక్కా, ఒంట్లో బాగాలేదా? మా వాడికి స్నానం చేయించాలి. కాస్త ఎవరినైనా తిట్టకూడదూ?"

బతూల్ కిందికి దిగింది. అరవలేదు.

"ముప్ఫయ్యేళ్లుగా నా కోపంతో ఒళ్లు కడుక్కుంటున్నారు. నీళ్లు ఆగిపోతే ఆఫీసువాళ్ల మీద నేనే అరవాలి, చెత్త పోస్తే నేనే అరవాలి. ఎల్లుండి మీ నీళ్ల తొట్టి పెళ్లగించుకుపోతారు. మీ నోళ్లు తినడానికేనా?"

మెట్లెక్కి తలుపేసుకుంది. చెప్పొద్దూ, థామీ మీద కంటే ఆ సందువాళ్ల మీదే నాకు ఎక్కువ ఒళ్లు మండుతుంది. ఆ మాట విని కూడా బుధవారమంతా చన్నీళ్లు పోసుకుని వణికారే గాని ఒక్కరూ నోరు మెదపలేదు.

గురువారం మేస్త్రీ అల్లాల్ గాడిదని కట్టేసి ఉలి పెట్టాడు. మొదటి దెబ్బకే ఒక నీలం పలక కింద పడి రెండు ముక్కలైంది.

"ఆపు" అంది హనియా. బిందె దించింది. మళ్లీ అంది, "ఆపవయ్యా!"

థామీ నవ్వాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? మా వదినే మాట్లాడటం లేదు, మధ్య నీ గోలేంటి?"

"ఆవిడ నోరు నువ్వు కట్టేశావు గనక! ధర్మానికిచ్చింది అమ్ముకుంటావా? ఆవిడ వాటా మింగింది చాల్లేదా? మక్కా పోయొచ్చి ఏ పాపం కడుక్కున్నావయ్యా నువ్వు?"

తొట్టిలోంచి సన్నగా ఆవిరి లేచింది. రొట్టెల పొయ్యి దగ్గరి ఆమె అందుకుంది. కవలల తల్లి అందుకుంది. నాసర్ కూడా టూరిస్టుల్ని వదిలేసి, "కట్టించింది విధవరాలే!" అని గావుకేక పెట్టాడు. నీళ్లు కుతకుత ఉడికి, తొట్టి పొర్లి, ఇంటి గడప పొడుగునా పారాయి. అల్లాల్ ఉలి వదిలేసి వేళ్లు ఊదుకున్నాడు. "ఈ పని నా వల్ల కాదు హాజీ" అని గాడిదని తోలుకుని వెళ్లిపోయాడు.

"సామాను ఇప్పుడే బయట పారేస్తా!" అని అరిచాడు థామీ. పారెయ్యాలంటే గడప దాటాలి. కాళ్లకున్నవి పలచటి తోలు చెప్పులు. మధ్యాహ్నం దాకా చూసి పోయాడు. ఇప్పటికీ వారం వారం వస్తాడు. సందులో ఆడవాళ్లు వంతులేసుకున్నారు. ఎవరి వంతైతే వాళ్లు బిందె దించి తిట్లు మొదలుపెడతారు.

ఆ గురువారం బతూల్ కిటికీ మూసుకుని పడుకుంది. కింద సందంతా అరుస్తూనే ఉంది. ఆమెకి హాయిగా నిద్ర పట్టింది.